పొగ మాది, నింద రమణ బావది

నా గుండెల మీద ఒక ఇనప పొయ్యి ఉంది. నలుగురు పట్టి ఎత్తితే గాని కదలని పొయ్యి. ఇన్నేళ్ళుగా నేనొక్కణ్ణే మోస్తున్నాను. పడుకుంటే ఎక్కి కూచుంటుంది. నవ్వబోతే కిర్రుమంటుంది. డాక్టరు స్కాన్ తీయించి, ఏమీ లేదు, నడక పెంచండి అన్నాడు. స్కానుకి కనపడే రకం కాదులెండి.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. నా పేరు చెప్పను. సిడ్నీ పడమటి శివార్లలో తెలుగువాళ్ళ సభ జరిగితే మైకిచ్చి నవ్వించమనే మనిషిని, అంతవరకు చాలు. చీమని చూసి ఏనుగొచ్చిందని అరిచే స్వభావం నాది. ఇందులోనూ అక్కడక్కడ ఏనుగులు దొర్లుతాయి, సర్దుకోండి. తప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. చెప్పగలనా? చూద్దాం.

మా పక్కిల్లు రమణది. నాది నరసరావుపేట వైపు, అతనిది చీరాల వైపు. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరం బ్యాంకు ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూచునేవాళ్ళం, ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళం. పరిచయమైన మొదటి ఏడే బావా అంటే బావా అనుకున్నాం. ఆ లెక్కన అతని భార్య సరళ నాకు చెల్లెలు. "అన్నయ్యగారూ" అని కంచె మీదుగా గిన్నె అందించేది. నేను ఖాళీ గిన్నె తిరిగిచ్చేవాణ్ణి. మా ఆవిడ ఉమ ఇది చూసి, "చెల్లెలి దగ్గర తీసుకునే అన్నని మిమ్మల్నే చూశాను" అనేది.

సరళ జాకెట్లు కుట్టేది. మామూలుగా కాదు. టూంగాబీ నించి, ఇంకా అవతలి నించి ఆడవాళ్ళు కార్లేసుకుని వచ్చేవాళ్ళు. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకుంటే లావుపాటి మనిషి కూడా శిల్పంలా కనపడుతుందని ప్రతీతి. అయితే చలికాలం వచ్చిందంటే ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయేవి. కీళ్ళ జబ్బు. సూదిలో దారం ఎక్కించలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఏసీ వేడిగాలి ఆవిడకి పడదు, తల పట్టేస్తుంది. కరెంటు హీటరు ముందు కూచుంటే మోకాళ్ళు కాలతాయి గాని వేళ్ళు విడవవు. కట్టెల పొయ్యి ఉన్న మా ఇంటికొచ్చి కూచుంటే మాత్రం కాసేపట్లో వేళ్ళు పువ్వుల్లా విచ్చుకునేవి. అందుకని రమణ ఒక వుడ్ హీటర్ కొనాలనుకున్నాడు.

కొనటం అంత తేలికా? మా పేట పల్లంలో ఉంటుంది. చలికాలం పొగ లేచిందంటే ఎటూ పోదు, పిలవని చుట్టంలా అక్కడే తిష్ట వేస్తుంది. అందుకని కౌన్సిల్ వాళ్ళు కొత్తగా పెట్టేవాళ్ళని పొగ తక్కువ రకమే పెట్టమంటారు, దానికీ ముందు అనుమతి తీసుకోమంటారు. పాతవాటి జోలికి రారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం వస్తారు.

నా పొయ్యి పాతది. ఇల్లు కొన్నప్పుడు ఇంటితో పాటే వచ్చింది. దానికి కుంభకర్ణుడని పేరు పెట్టుకున్నాం. ఎంత పెట్టినా తినేది. ఆ పొయ్యి ఉంది కాబట్టి పొయ్యిల సంగతి నాకు తెలుసని రమణ నమ్మాడు. నాకు తెలియదని నాకూ తెలియదు. ప్రతి శనివారం అతన్ని వెంటేసుకుని షోరూములు తిరిగాను. ఆ ఏడాది సిడ్నీలో నేను తలుపు తీసి లోపలికి తొంగిచూడని పొయ్యి లేదు. సేల్స్‌మన్లు నన్ను చూసి టీ తాగటానికి వెళ్ళిపోయేవాళ్ళు. రమణ మాత్రం మోకాళ్ళ మీద కూచుని పొయ్యి వెనక బిగించిన రేకు చదివేవాడు. కిలో కట్టె కాలితే ఎంత మసి గాల్లోకి పోతుంది, ఎంత వేడి గదిలోకి వస్తుంది, అన్నీ దాని మీద ఉంటాయి. నేను వెనక నిలబడి, "బావా, ఆ రేకులు చదివితే చలి పోతుందా? పెద్దది కొను. పెళ్ళికి గాడిపొయ్యి తవ్వించినవాడెవడైనా వంట తక్కువైందని ఏడ్చాడా?" అనేవాణ్ణి. అతను నవ్వేవాడు.

ఒక సోమవారం ఆఫీసు నించి వచ్చేసరికి వాళ్ళింటి ముందు వ్యాను ఉంది. నాతో ఒక్క మాట చెప్పకుండా కొనేశాడు. అది కూడా ఎంత? మా కుంభకర్ణుడి చంకలో పట్టేంత. కుక్కపిల్లలా ఉంది. తన గది కొలుచుకున్నాట్ట. చిన్న గదిలో పెద్ద పొయ్యి పెడితే వేడి భరించలేక గాలి మూసేస్తాం, గాలి మూస్తే కట్టె మండకుండా కుములుతుంది, కుమిలిందే పొగవుతుందిట. చిన్నది భగభగా మండితే పొగే రాదుట. "నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు బావా" అన్నాడు, అదేదో ముద్దు చేస్తున్నట్టు.

నన్ను నిలువునా మోసం చేశాడనిపించింది. అన్ని శనివారాలు నా నోరు అరిగిపోయేలా చెప్పించుకుని, చివరికి నన్ను గుమ్మం బయట నిలబెట్టాడు. నవ్వుకోకండి. పొయ్యి గురించి కూడా మనిషికి గుండె పగులుతుంది. పైగా తెలుగువాళ్ళందరూ ఆ కుక్కపిల్లని చూడటానికి గుళ్ళో దేవుణ్ణి చూడబోయినట్టు బారులు తీరారు. "పొగే లేదండీ!" అని ఆశ్చర్యపోతూ మా గుమ్మం ముందు నించే వెళ్ళేవాళ్ళు. సరళ ఆ చలికాలం వేళ్ళు ఆడించుకుంటూ కుట్టింది. నేను సంతోషించానా? అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. లేదు.

ఆ రోజుల్లోనే ఒక సభలో నా ప్రసంగానికి జనం పడీపడీ నవ్వారు. ఇంటికి రాగానే ఉమ, ఊరి కళ్ళన్నీ మీ మీదే ఉన్నాయంటూ ఉప్పు, గుప్పెడు ఎండు మిరపకాయలు తెచ్చి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ నా చుట్టూ తిప్పి కుంభకర్ణుడి నోట్లో పోసి తలుపు మూసింది. మన లెక్క మీకు తెలుసు. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టు. మేం ముక్కులు ఎగబీల్చాం. ఘాటు లేదు. చిన్న దగ్గు కూడా రాలేదు. "అమ్మో, ఎంత దిష్టండీ!" అని ఉమ గుండెల మీద చెయ్యేసుకుంది. ఇంత గొప్పవాణ్ణా అని నాకు లోపల గిలిగింతలు. అప్పటినించీ వారం వారం దిష్టి తీయించుకున్నాను. ఒక్కసారీ దగ్గు రాలేదు. ఆ లెక్కన నా కీర్తి మెల్‌బోర్న్ దాటి న్యూజీలాండ్ చేరి ఉండాలి.

తలుపు బిగించిన పొయ్యిలో ఘాటంతా గొట్టం ఎక్కి బయటికి పోతుందని ఇద్దరం చదువుకున్నవాళ్ళం ఆలోచించలేదు. దిష్టి నాకు, దగ్గు వీధికి. దానికి తోడు నేను చవగ్గా తెచ్చిన పచ్చి కట్టె. గాలి మూసేసి రాత్రంతా కుమలనిచ్చేవాణ్ణి, పొద్దున్నకి నిప్పు మిగలాలని. పొగ, అందులో గుంటూరు మిరపకాయ. వెనకింటి మార్గరెట్ గారు ఆరేసుకున్న బట్టలు తీయబోయి, దగ్గి దగ్గి గడ్డిలో కూలబడిందిట. కౌన్సిల్‌కి ఫోన్ చేసింది.

కౌన్సిల్ మనిషి వచ్చినప్పుడు నేను చెత్త డబ్బా బయట పెడుతున్నాను. మర్యాదస్థుడు. ఈ వరసలో ఎవరి పొయ్యి నించో పొగ బాగా వస్తోందని ఫిర్యాదు వచ్చింది, మీకేమైనా తెలుసా అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పక్కింటివాళ్ళు ఈమధ్యే కొత్తది పెట్టించారు."

వెతికి చూడండి, అందులో అబద్ధం లేదు. అక్షరం అక్షరం నిజం. నిజంతో ఎంత పని చేయొచ్చో ఆ రోజే తెలిసింది నాకు. అతను థాంక్స్ మేట్ అని పక్క గేటు తీసుకుని లోపలికెళ్ళాడు. నేను డబ్బా మూత సరిచేశాను. సరిగ్గానే ఉన్న మూతని.

ఇక్కడితో ఆగి ఉంటే నోరు జారిందనుకునేవాణ్ణి. ఆగలేదు. ఏనుగులు లేని చోటు ఇదే.

కౌన్సిల్ మనిషి వచ్చిపోయాక రమణ, ఆ పొయ్యి అమ్మినవాణ్ణి పిలిపించాడు. గొట్టం విప్పించి చూపించాడు. కట్టె తడి కొలిపించాడు. ఏ లోపమూ లేదు. పొగ మాత్రం వస్తోందని మార్గరెట్ గారు మళ్ళీ చెప్పింది. ఎందుకు రాదు? నేనున్నాను కదా. చివరికి అతను నాతో అన్నాడు, "ఒక వారం నా పొయ్యి వెలిగించను బావా. అప్పుడూ పొగ వస్తే నాది కాదని తేలుతుంది."

ఆ వారం నేను కూడా వెలిగించలేదు.

ఉమ రెండు స్వెట్టర్ల మీద శాలువా కప్పుకుని, ఏమిటీ పస్తు అంది. గొట్టం శుభ్రం చేయించాలన్నాను. నా కేసి ఒక చూపు చూసింది. "మన పొగేనేమో అండీ" అంది మెల్లగా. "నీకన్నీ అనుమానాలే" అన్నాను. ఆవిడ శాలువా బిగించుకుని లోపలికెళ్ళింది. ఆవిణ్ణి కూడా ఇందులోకి లాగి కూచోబెట్టాను.

ఎందుకు చేశాను? జరిమానా భయమా? కొంత. కుంభకర్ణుణ్ణి పీకించేస్తారనా? కొంత. ఇవన్నీ నేను నాకు చెప్పుకునే మర్యాదైన కారణాలు. అడుగున ఇంకోటుంది, దాన్ని పైకి లాగటానికి ఇన్నేళ్ళు పట్టింది: అతను ఎంచుకున్నది తప్పని తేలాలి, నా మాట విననందుకు అతను చింతించాలి, ఆ చింత నేను దగ్గరుండి చూడాలి. చూశాను.

వారం గడిచాక వచ్చి మా హాల్లో కూచున్నాడు. మా పొయ్యి చల్లగా, నల్లగా అతని ఎదురుగానే ఉంది.

"నువ్వే రైటు బావా" అన్నాడు.

"దేంట్లో?"

"పెద్దది కొనమని చిలక్కి చెప్పినట్టు చెప్పావు. నేనేమో రేకులు చదివి పెద్ద మొనగాణ్ణనుకున్నా."

"అది కాదు బావా..."

"కాదేంటి? వారం ఆపాను, వీధి అద్దంలా ఉంది. ఇంకేం రుజువు కావాలి? ఆ అమ్మినవాడు నన్ను నమ్మించి గొంతు కోశాడు. మార్గరెట్ చూశావుగా, సరళ ఇడ్లీ పంపిస్తే గిన్నె గేటు మీద పెట్టి పోయింది. ఇన్నేళ్ళు నవ్వుతూ తిన్న మనిషి! నీకు చెప్పకుండా కొన్నాను చూడు, అందుకే ఈ శాస్తి. నువ్వొక్కడివే నా మంచి కోరావు."

నా నోరు తెరుచుకుంది. అందులో మాట ఉంది. మీరు నమ్మినా నమ్మకపోయినా ఉంది, నాలిక మీద దాని బరువు తెలిసింది. బయటికొచ్చింది మాత్రం ఇంకోటి.

"మరి చెల్లెమ్మ?"

"పొయ్యి తీయించేస్తున్నానని చెప్పా. మిషను మూట కట్టేసింది. అన్నయ్యగారితో అనకండి, బాధపడతారు అంది."

"పోనీలే బావా" అన్నాను.

అంతే అన్నాను. మైకిస్తే గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి.

పొయ్యి తీయించేశాడు. సరళ ఆ తరవాత జాకెట్లు కుట్టలేదు. వచ్చినవాళ్ళకి, ఓపిక లేదమ్మా అని నవ్వుతూ చెప్పేది. ఇక ఈ చలి పడలేమని పెర్త్‌లో ఉద్యోగం చూసుకుని అక్కడి పియారా వాటర్స్ పేటకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. నిలబడి పెట్టించుకున్నాను.

వాళ్ళున్నన్నాళ్ళూ మళ్ళీ ముట్టించని కుంభకర్ణుణ్ణి ఆ తరవాత పీకించేసి కొత్త పొయ్యి పెట్టించాను. ఏది? రమణ కొన్నదే. అదే కుక్కపిల్ల. వేరేది కొనటానికి మొహం చెల్లలేదనుకోండి, లేదా అదే మంచిదని నాకు మొదటినించీ తెలుసనుకోండి. ఎండిన కట్టె వేస్తే గొట్టం మీద గాలి వణకటం తప్ప ఏమీ కనపడదు. మార్గరెట్ గారు కంచె దగ్గర నిలబడి మెచ్చుకుంది. నువ్వు తెలివిగా ఎంచుకున్నావు, పాపం మీ పక్కింటాయనే మోసపోయాడు అంది. అవునన్నాను. అప్పుడు కూడా.

నిన్న రమణ మెసేజ్ పెట్టాడు. పెరట్లోకి బార్బెక్యూ పొయ్యి కొంటున్నాట్ట. రెండు ఫొటోలు పంపాడు. "ఈసారి నువ్వు ఏదంటే అదే బావా. నీ మాట కాదని ఒకసారి చెడ్డాను చాలు."

ఇంకా జవాబివ్వలేదు. ఇది రాస్తున్నాను. ఇది అచ్చయితే అతను చదువుతాడు. నేను రాసినవన్నీ చదివి ఫోన్ చేసి నవ్వుతాడు. పేర్లు మార్చాను గాని జరిగినవి మార్చలేదు, మిరపకాయల దాకా వచ్చేసరికి నవ్వు ఆపి సరళని పిలుస్తాడు. ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలియదు. క్షమించమని అడిగే దమ్ము లేదు, అడిగే హక్కూ లేదు. ఆవిడ కుట్టకుండా పోయిన ఆ జాకెట్లన్నీ ఇప్పుడెవరు తెచ్చిస్తారు?

ఒక్కటి మాత్రం ఇక్కడ రాసి పెడతాను. చెల్లెమ్మా, ఆ పొగ మాది.

రాశాక ఊపిరి చాలా కాలానికి లోపలిదాకా వెళ్ళింది. వెళ్ళినందుకు సిగ్గుగా ఉంది.