పాప దిండు మీద నేను తీసిన కునుకు

ఒక దిండు మనిషిని తన ఇంట్లోనే ఖైదీని చేస్తుందంటే మీరు నమ్మరు. నేనూ నమ్మేవాణ్ణి కాదు, చిత్తూరులో మా అద్దె ఇంటి పడకగదిలో గంటంబావు బందీగా కూర్చునేదాకా. ఆ గంటంబావులో సగం వీధి మా కిటికీ దగ్గర చేరింది. మా అత్త నన్ను అల్లుడా అని పిలవడం మానేసింది. తప్పు దిండుదని ఇప్పటికీ వాదించగలను, కానీ వినేవాళ్ళు లేరు.

మా పాప హాసికి అప్పుడు పదిహేడు నెలలు. అంటే నేను నిండుగా నిద్రపోయి కూడా పదిహేడు నెలలు. నిద్ర సుఖమెరగదంటారు పెద్దలు. మా ఇంట్లో సుఖమే నిద్రనెరగక తిరిగేది. హాసి పరుపు మీద పడుకోదు, ఊయల్లో పడుకోదు, నా కుడిచేతి మీదే పడుకుంటుంది. చెయ్యి అంగుళం కదిలితే కళ్ళు తెరుస్తుంది. కళ్ళు తెరిస్తే నోరు కూడా తెరుస్తుంది. పొద్దున లేచేసరికి ఆ చెయ్యి నాదన్న సంగతి చేతికే గుర్తుండేది కాదు. పళ్ళు తోముకోవడం ఎడంచేత్తో నేర్చుకున్నాను.

నేను ఒక వకీలు గారి దగ్గర గుమాస్తాను. ఒకరోజు దావా కాగితంలో 'ప్రతివాది' అని కొట్టాల్సిన చోటల్లా 'ప్రతిరాత్రి' అని కొట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"ఏమప్పా, ప్రతిరాత్రి మీద కేసు వేస్తామా మనం?"

"వేసేస్తే మంచిదే సార్," అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ సాయంత్రమే నాకు బుద్ధి వెలిగింది. హాసికి కావాల్సింది నా చెయ్యి కాదు, తల కింద ఎత్తు. అంటే దిండు! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నన్ను నేను తిట్టుకుని, మా ఆవిడ రేవతికి చెప్పాను.

"డాక్టరమ్మ ఏం చెప్పింది? రెండేండ్లు నిండేదాకా దిండు వద్దనింది కదా," అంది రేవతి. "నిద్రలో బోర్లా తిరిగి మొహం దాంట్లో పూడిపోతే ఊపిరాడదంట."

పాకాల నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అత్త పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "దానికి మెడ యాడుండాదప్పా దిండు పెట్టేదానికి? తల, వెంటనే భుజాలు. అంతే కదా ఉండేది," అంది.

ఇద్దరు ఆడవాళ్ళూ, ఒక డాక్టరూ ఒకే మాట చెప్పినప్పుడు తెలివైనవాడు వింటాడు. నాకు తెలివి మిగలలేదు, నిద్రతోబాటే పోయింది. పాప పడుకున్నంతసేపూ పక్కనే కూర్చుని కాపలా కాస్తే ఏమవుతుందిలే అనుకుని, మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా పరుపులు కుట్టే మస్తాన్ భాయ్ అంగడికి పోయాను.

"పాపకు ఎన్నేండ్లు సార్?" అడిగాడు మస్తాన్ భాయ్.

"రెండు... వస్తాయి."

"ఎప్పుడొస్తాయి?"

"ఇంకో ఏడు నెలలకి."

"అయితే ఏడు నెలలు ఆగి రాండి. దిండు కావాల్సొచ్చినప్పుడు పిల్లోళ్ళే వాళ్ళమ్మ దిండు మీదికి తల జరుపుతారు సార్. అప్పుడు పల్చంగా, చిన్నదిగా ఒకటి కుట్టిస్తా."

"పల్చంగా వద్దు భాయ్. బాగా దట్టించి కుట్టు. గట్టిగా ఉండాల."

మస్తాన్ భాయ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. నా కళ్ళ కింది నలుపు చూసి జాలిపడ్డాడో ఏమో, బూరుగు దూది కూరి కూరి కుట్టిచ్చాడు. దిండు అనడం మర్యాదకే. పూల గుడ్డ తొడిగిన ఇటుక అది.

శనివారం రేవతి, అత్త పక్క వీధిలో సీమంతానికి పోయారు. "మూడింటికి వస్తాం. పాపకు అన్నం పెట్టి నిద్రపుచ్చు," అంది రేవతి. నేను వీధి తలుపు గడియ పెట్టి, బీరువా వెనక దాచిన దిండు తీసి, పరుపు మీద పెట్టాను.

హాసి దాన్ని చూసింది. ముందు దాని మీద కూర్చుంది. తర్వాత నిలబడింది. ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. తల తప్ప ఒంట్లో ఉన్నవన్నీ దాని మీద పెట్టింది.

"అట్ల కాదు నాయనా. ఇదో, సూడు. తల ఇట్ల పెట్టాల. కండ్లు ఇట్ల మూసుకోవాల."

నేనే తల పెట్టి, కళ్ళు మూసి చూపించాను. అయ్యా, అమ్మా, ఇక్కడ మీరు నన్ను క్షమించాలి. పదిహేడు నెలల తర్వాత నా తల కింద ఒక దిండు, రెండు పక్కలా నా రెండు చేతులు, రెండూ ఖాళీగా. కాపలా కాయాల్సినవాణ్ణి నేనన్న సంగతి అంతవరకే గుర్తుంది.

వీధి తలుపు దబదబ బాదుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. తల కింద దిండు లేదు. పక్కన పాప లేదు. పడకగది తలుపు వేసి ఉంది. లాగితే రాలేదు. అవతల హాలు వైపు గడియ పడి ఉంది.

ఎట్లా జరిగిందో తర్వాత తెలిసింది. నా తల కింది దిండు లాక్కుని, హాల్లోకి ఈడ్చుకుపోయి, తలుపు మూసి, ఆ ఇటుక మీదెక్కి మా పాప గడియ జరిపింది. మామూలుగా అయితే ఆ గడియ దానికి జానెడు పైన. ఆ జానెడు నేనే కుట్టించి ఇచ్చాను.

"ఏమయ్యా! తలుపు తియ్యి!" వీధి వైపు నుంచి రేవతి.

"నేను రాలేను! గదిలో ఉండా! పాప బయట గడియ పెట్టేసింది!"

రేవతి గొంతు మారిపోయింది. "అంటే పాప హాల్లో ఒక్కతే ఉండాదా?"

హాల్లో ఏమేమున్నాయో ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. ఇస్త్రీపెట్టె. కత్తిపీట. కత్తిపీట పైన పెట్టానా, కిందనే వదిలానా? భుజంతో తలుపును గుద్దాను. మా ఇంటి యజమాని తలుపులు మాత్రం మంచి టేకుతో చేయించాడు. భుజమే తగ్గింది.

"అమ్మా, కిటికీ!" అని రేవతి వరండాలోకి పరిగెత్తడం వినిపించింది. ఆమె మళ్ళీ మాట్లాడేలోగా నేను మొక్కని దేవుడు లేడు.

"ఉండాది. బాగుండాది," అంది చివరికి, ఏడుస్తూ నవ్వుతూ. "బొరుగుల డబ్బా తోసేసి ఇల్లంతా చల్లింది. మధ్యలో కూసోని తింటాంది."

నేను తలుపుకు ఆనుకుని నేల మీద కూలబడ్డాను.

"హాసీ, బంగారూ, ఆ గడియ తియ్యమ్మా," అని బతిమాలారు ఇద్దరూ. పాపకు చెలగాటం, నాయనకు ప్రాణసంకటం. అది గుప్పెడు బొరుగులు తెచ్చి కిటికీలోంచి వాళ్ళమ్మకు ఇచ్చింది. ఆ తర్వాత ఆవులించింది. ఆ తర్వాత అక్కడే, బొరుగుల మధ్య, పడుకుని నిద్రపోయింది.

"హాసీ!" అని నేను అరిచాను.

"అరిస్తే ఊరుకోను!" అని అత్త గుసగుసగా కసిరింది. "పాపం బిడ్డ, ఇప్పుడే కన్ను మూసింది. లేపితే పాపం తగుల్తుంది. నువ్వు ఉండబ్బా లోపల. ఏం పనుండాది నీకు?"

ఎదురింటి మునిరత్నం అన్న మామిడికాయలు కోసే దోటి తెచ్చాడు. కిటికీ ఊచల్లోంచి దాన్ని లోపలికి పెట్టి, కొసనున్న కొక్కెంతో పడకగది గడియ అందుకోవాలి. వీధిలోవాళ్ళంతా గుసగుసల్లోనే సలహాలిచ్చారు. "ఎడమకు." "మీ ఎడమ కాదన్నా." "పాప మీద పడుతుందేమో, పైకెత్తు." చాలాసేపటికి గడియ టక్కుమంది.

నేను బయటికొచ్చాను. హాలంతా బొరుగులు. వేసే ప్రతి అడుగుకీ కరకర. కిటికీలోంచి ఇరవై మొహాలు, ఇరవై మూతుల మీద ఇరవై వేళ్ళు. అటు చూస్తే హాసి కళ్ళు మూసుకుని, హాయిగా, తల నేల మీద, కాళ్ళు దిండు మీద.

వీధి తలుపు తీయగానే రేవతి పాపను ఎత్తుకుని, దిండును చూసి, నన్ను చూసింది.

"ఎవురికి తెచ్చినావు ఇది?"

"పాపకి."

"నిద్రపోయింది ఎవురు?"

నేను గుమాస్తాను. సాక్ష్యం ఎప్పుడు చాలించాలో తెలుసు. చీపురు తెచ్చి బొరుగులు ఊడ్చాను.

మర్నాడు ఆదివారం. రేవతి మమ్మల్నందర్నీ కాణిపాకం బస్సెక్కించింది. అక్కడి గుళ్ళో స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా వైపు అందరికీ తెలుసు. కోర్టులో తేలని తగాదాలు అక్కడ తేల్చుకునేవాళ్ళను నేనే చూశాను.

"ఊఁ, చెప్పు," అంది రేవతి స్వామి ఎదురుగా నిలబడి.

హాసిని కుడిచేతి మీద ఎత్తుకుని, ఎడంచెయ్యి గుండెకు ఆనించి, కళ్ళు మూసుకుని, గంభీరంగా మొదలుపెట్టాను. "స్వామీ, పాపకు రెండేండ్లు నిండేదాకా దిండు పెట్టను. పెట్టినాక కూడా పల్చటిదే పెడతాను. పాప నిద్రపోయేదాకా నేను ఎట్టి పరిస్థితుల్లోనూ..."

వెనకున్న పెద్దాయన భుజం తట్టాడు. "అప్పా, నిద్ర లేయప్పా. లైను జరగాల."

రేవతి నా వైపు తిరిగింది. "మొదటి నుంచి చెప్పు."

మొదటి నుంచి చెప్పాను, ఈసారి కళ్ళు తెరుచుకుని.