పడుకున్నవాడి పాయింట్లు

ముమ్మిడివరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల రైతుల్ని దుర్గాశ్రీనివాస్ ఎవరని అడిగితే కాసేపు బుర్ర గోక్కుంటారు. "మేతల శీను" అనండి, నలుగురు లేచి దారి చూపిస్తారు. మేత కంపెనీలో టెక్నీషియను. తెల్లారకుండానే బండెక్కి గట్లమ్మట తిరగడం, చెక్ ట్రే పైకి లాగి రొయ్య మేత తిన్నదో లేదో చూడడం, రైతు మొహం చూసి రాత్రి వాళ్ళింట్లో అన్నం తిన్నారో లేదో కనిపెట్టడం, ఇదీ అతని ఉద్యోగం. మూడోది కంపెనీవాళ్ళు చెప్పిన పని కాదు. అతనే తగిలించుకున్నాడు.

ఏ చెరువు దగ్గర ఆగినా ముందు మోటారు షెడ్డులో ఉన్న పటానికి దణ్ణం పెట్టుకుంటాడు. అమ్మవారి పటమైనా, ఏసుప్రభువు పటమైనా ఒకటే దణ్ణం. "మనం నిద్రపోయేటప్పుడు చెరువు కాసేది ఆయనే కదండీ" అంటాడు.

తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది. రొయ్యకి ఏ కష్టమొచ్చినా ఆ వేళకే వస్తుంది. అందుకని శ్రీనివాస్ ఆ వేళకి గట్టు మీద ఉండాలి. అతను గట్టు మీద ఉండాలంటే అంతకుముందే ఇంట్లో పొయ్యి వెలగాలి. పెళ్ళయిన నాటినుంచి పార్వతి చీకట్లోనే లేచి టీ పెడుతోంది, క్యారేజీ కడుతోంది. జ్వరం వచ్చినా అంతే. ఆదివారం రొయ్యలకి సెలవు లేదు కాబట్టి ఆవిడకీ లేదు.

కంపెనీ మీటింగులకని శ్రీనివాస్ నెలకి రెండు మూడు సార్లు విశాఖపట్నమో, నెల్లూరో వెళ్తుంటాడు. కంపెనీవాళ్ళు సాగరరేఖ అనే హోటళ్ళతో మాట్లాడుకున్నారు. ఏ ఊళ్ళో అయినా అందులోనే బస. ఒకసారి వెళ్ళొచ్చి, జేబులోంచి బంగారు రంగు కార్డొకటి తీసి పార్వతికి చూపించాడు. ఆవిడ పిల్ల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"గోల్డ్ మెంబర్నయ్యేను."

"బంగారమే? కొరికి చూశారా?"

"నవ్వకే. ఎన్ని రాత్రులు పడుకుంటే అన్ని పాయింట్లు పడతాయి. తక్కువ పడుకున్నోడు సిల్వరు, ఎక్కువ పడుకున్నోడు గోల్డు. గోల్డయితే మనం గదిలోకెళ్ళేసరికి పళ్ళబుట్ట పెట్టుంటుంది."

"బిల్లు కంపెనీ కదండీ కట్టేది?"

"బిల్లు కంపెనీది. పాయింట్లు పడుకున్నవాడివి."

పార్వతి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "బావుందండీ వరస. మరి ఏడాదికోసారి పిల్లాపాపల్తో వచ్చేవాళ్ళకో?"

"వాళ్ళకి వచ్చేరని నిమ్మరసం ఇస్తారు. ఏడాదికోసారంటే ఇంకేం పడతాయి?"

"పెళ్ళికని ఓ అంతస్తంతా తీసుకున్నవాళ్ళకి?"

"డబ్బు కట్టినాయనొక్కడికే. పెళ్ళికొడుక్కి కూడా రావు."

"ఆసుపత్రి పనిమీద వస్తారు, వాళ్ళకి?"

శ్రీనివాస్ కొంచెం తగ్గాడు. "వాళ్ళు చవగ్గా దొరుకుతుందని ఫోన్లో వేరేచోట చూసుకుని తీసుకుంటారు కదా. అలా తీసుకుంటే లెక్కలోకి రారు."

"అయితే ఇల్లు వదిలేసి ఎన్నాళ్ళు తిరిగితే అంత గోల్డన్నమాట." పార్వతి మళ్ళీ పెట్టె అందుకుంది. "మీరక్కడ పడుకున్న రాత్రులన్నీ ఇక్కడ పిల్లని పెట్టుకుని నేనొక్కదాన్నే పడుకున్నాను. నా పాయింట్లు ఏ బుట్టలో వేశారండీ?"

శ్రీనివాస్ పైకి నవ్వేశాడు. లోపల మాత్రం ఆ మాట చురుక్కుమంది. మర్నాడు భోజనాల దగ్గర అడిగాడు: "ఆ పాయింట్లన్నీ నీవే అనుకో. ఏం కావాలి?"

ఆవిడ ఆలోచించలేదు. చాలాకాలంగా నాలిక చివరే ఉన్నట్టు చెప్పింది. "ఒక్కరోజు పొయ్యి మొహం చూడకుండా, పొద్దెక్కేదాకా పడుకోవాలండి. అంతే."

చీరడిగితే కొనేవాడు. నగడిగితే ఇంకో ఏడాది ఆగమనేవాడు. ఇదడిగేసరికి అతను అన్నం ముద్ద కంచంలోనే పెట్టేశాడు. ఎందుకంటే ఆ నిద్ర తీసుకున్నవాడు తనే.

విశాఖపట్నం సాగరరేఖలో కౌంటరు దగ్గరుండే అనితకి ఫోను చేశాడు. రాజోలు పిల్ల. మనవైపు మనిషని అతనంటే ఆ అమ్మాయికి అభిమానం. "అమ్మగార్ని తీసుకురండి సార్. మీ పాయింట్లకి సముద్రం వైపు గది వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో రండి, ముందుగా బుక్ చెయ్యక్కర్లేదు, కౌంటర్లోనే రాసేద్దాం" అంది. ముత్యాలరాజుగారి చెరువులో రొయ్యల పట్టుబడి అవగానే వెళ్దామనుకున్నారు. పిల్లని పార్వతి చెల్లెలింట్లో కొత్తపేటలో దింపుదామనుకున్నారు. ఆ మాట అనుకున్న దగ్గర్నుంచి పార్వతి పనిలో పాట వినబడడం మొదలైంది.

ఈ మధ్యలో ఓ రోజు ముత్యాలరాజుగారి గట్టు మీద ఉండగా శ్రీనివాస్‌కి ఫోనొచ్చింది. చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు హోరుమంటున్నాయి. ఓ పక్క రాజుగారు రొయ్య తెల్లబడుతోందని గగ్గోలు. ఫోన్లో ఎవరో అమ్మాయి, హైదరాబాదు నుంచి, క్రిస్టీనా అని పేరు చెప్పుకుని చాలా మర్యాదగా మాట్లాడుతోంది. సాగరరేఖ అన్న మాట వినబడింది. పాయింట్లు అంది. పిల్లలంది, భోజనమంది. శ్రీనివాస్ కూడా అంత మర్యాదగానూ విన్నాడు.

ఇక్కడ మనవైపు సంగతొకటి చెప్పాలి. కోనసీమలో ఆయ్ అంటే సరేనని అర్థం ఉంది, నిజమే. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో అనే ఆయ్‌కి ఆ అర్థం లేదు. 'వింటున్నానండి, తమరు చెప్పండి' అని దానర్థం. ఊరుకుంటే ఎదుటి మనిషిని చిన్నబుచ్చినట్టని, అవతలివాళ్ళు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక ఆయ్ అందిస్తాం. చిన్నప్పుడు అమ్మ నేర్పిన మర్యాద అది. శ్రీనివాస్ ఆ అమ్మాయికి ఏ లోటూ చెయ్యలేదు. అడుగడుగునా అందించాడు. ఫోను పెట్టేసి చెరువులోకి దిగి, ఆ సంగతే మర్చిపోయాడు. తర్వాత వచ్చిన ఇంగ్లీషు మెసేజీని బ్యాంకువాళ్ళదేమో అనుకుని చూడలేదు.

పట్టుబడి అయింది. పిల్లని దింపి విశాఖపట్నం బస్సెక్కారు. హోటల్లో అడుగుపెట్టగానే పార్వతి చెప్పులు విప్పబోయింది. "వేసుకోవే, ఇది గుడి కాదు" అని శ్రీనివాస్ గొంతు తగ్గించి అన్నాడు. కౌంటరు వెనకనుంచి అనిత నవ్వుతూ లేచి, "రండి అమ్మగారూ, ఇప్పటికి చూశాం మిమ్మల్ని" అంది. తెర మీద ఏదో చూసింది. మళ్ళీ చూసింది. నవ్వు సన్నబడింది.

"సార్, మీ పాయింట్లు లేవండి."

"లేకపోవడమేంటమ్మా?"

"దానం చేసేశారు కదండీ. క్యాన్సరాసుపత్రిలో పిల్లలకి తోడుంటారే, ఆ తల్లుల భోజనాలకి. ఫోన్లో ఒప్పుకున్నారని రాసుంది."

"నేనా? నేనెప్పుడు ఒప్పుకున్నాను!"

లోపల్నుంచి మేనేజరు వచ్చాడు. కుర్రాడే, మంచివాడే, ఈ ప్రాంతం వాడు మాత్రం కాదు. ఒప్పుకున్న మాట రికార్డయి ఉంటుందన్నాడు. తెప్పించి, వాళ్ళముందే పెట్టాడు.

ఏరియేటర్ల హోరు. క్రిస్టీనా గొంతు. "మీ పాయింట్లు ఆసుపత్రిలో తల్లుల భోజనానికి ఇవ్వాలనుకుంటున్నారా సార్?"

"ఆయ్."

"అన్నీ ఇచ్చేస్తారా సార్, కొన్నేనా?"

"ఆయ్, ఆయ్."

"అన్నీనా సార్?"

"ఆయ్ అండి!" వెనకాల రాజుగారు, 'ఆ తెల్లమచ్చ చూడవయ్యా బాబూ' అంటున్నారు.

"చాలా పెద్ద మనసు సార్ మీది. దేవుడు మీ కుటుంబాన్ని చల్లగా చూస్తాడు."

"ఆయ్. ఉంటానమ్మా."

మేనేజరు రెండు చేతులూ చాపి, "స్పష్టంగా ఒప్పుకున్నారు కదా సార్" అన్నాడు. అనిత చున్నీ నోటికడ్డం పెట్టుకుంది. "అది ఒప్పుకోవడం కాదు సార్, వినడం! మావైపు అలాగే వింటాం!" అంది గానీ, ఆ మాట ఆయనకి ఎక్కినట్టు లేదు.

శ్రీనివాస్ భయం భయంగా పార్వతి వైపు చూశాడు. ఆవిడ సోఫాలో కూలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది. "మా నాన్న పెళ్ళిచూపుల్లో ఏమడిగినా ఇలాగే ఆయ్ ఆయ్ అన్నారు. ఇంత ఒద్దికైన పిల్లాడు దొరకడని చేసేశారు. అప్పుడూ చెరువు మోతే అయ్యుంటుంది, ఏం వినబడలేదేమో!"

"నవ్వులాట కాదు పార్వతీ" అన్నాడు శ్రీనివాస్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "చూడండి సార్, నాకు తెలియకుండా జరిగింది. వెనక్కి రప్పించండి."

"రప్పించొచ్చు సార్. తెలిసి ఒప్పుకోలేదని మీరు రాసివ్వండి. వారంలో వచ్చేస్తాయి. ఫోను చేసిన అమ్మాయి మీద పడుతుంది, అంతే. సరిగ్గా అడగలేదని."

శ్రీనివాస్ కలం తీసుకున్నాడు. ఆ అమ్మాయి గొంతు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగాడు. కానీ పక్కన పార్వతి ఉంది. ఇది ఆవిడ నిద్ర. ఇన్నేళ్ళకి ఒక్కటడిగింది. అదీ నోటిదాకా వచ్చి తన తెలివితక్కువ వల్ల పోతోంది. కాగితం ముందుకి లాక్కున్నాడు.

"ఉండండి" అంది పార్వతి. నవ్వు ఆగిపోయింది. "అనితమ్మా, ఆ భోజనాలు పెట్టడం మొదలెట్టేశారా?"

"ఒకటో తారీకు నుంచి పెడుతున్నారండి."

"అయితే తినేశారు కదా."

"తినేశారండి."

పార్వతి లేచొచ్చి మొగుడి చేతిలో కలం తీసి కౌంటరు మీద పెట్టింది. "మీరే చెప్పేరు, ఆసుపత్రికొచ్చేవాళ్ళు లెక్కలోకి రారని. పోనీ ఈ దారినైనా వచ్చేరు. తల్లి తిన్న ముద్ద వెనక్కివ్వమని రాస్తారా? ఫోను చేసిన ఆ పిల్ల నోట్లో కూడా మట్టి కొడతారా?"

"నీకోసం కదే!"

"నాకోసమైతే నా మాట వినండి."

డబ్బు కట్టైనా గది తీసుకుందామని అతను పట్టుపట్టాడు. ఆవిడ అద్దెల బోర్డు ఓసారి చూసి, "ఆ డబ్బు పెట్టి పడుకుంటే నాకు నిద్ర పట్టదండి. అద్దె గుర్తొచ్చి కూచుంటాను" అంది. అనిత మొహం చిన్నబోయింది. పార్వతి ఆ అమ్మాయి బుగ్గ నిమిరి, కొత్తపేట నుంచి తెచ్చిన, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కల మూటలో సగం ఆమె చేతిలో పెట్టింది. "పొద్దుట్నుంచి నిలబడే ఉన్నట్టున్నావు, తినమ్మా" అంది.

బయటికొచ్చారు. సముద్రం గాలి మొహానికి కొడుతోంది. శ్రీనివాస్‌కి తన మీద తనకే కోపంగా ఉంది. పార్వతే అంది, "ఇంత దూరం వచ్చి అప్పన్నని చూడకుండా వెళ్తామా?" అని. సిటీ బస్సెక్కి సింహాచలం వెళ్ళారు. సాయంత్రం దర్శనం బాగా జరిగింది. స్వామి ఎదట నిలబడి శ్రీనివాస్ ఏం కోరుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా తెలుస్తూనే ఉంది.

సత్రంలో ఆధారు కార్డు చూపిస్తే గదిచ్చారు. గోల్డువాళ్ళకైనా, మొదటిసారి వచ్చినవాళ్ళకైనా అక్కడ అదే మంచం, అదే బకెట్టు. కిటికీలోంచి సంపెంగ వాసన వస్తోంది. పార్వతి తల దిండుకి ఆనించడమే తడవు, నిద్రపోయింది.

అలవాటుకొద్దీ శ్రీనివాస్‌కి చీకట్లోనే మెలకువొచ్చింది. ఆవిడా లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టాడు. లేవలేదు. ఓసారి చెయ్యి కదిలింది, పొయ్యి కోసం వెతికినట్టు. మళ్ళీ పక్కకి తిరిగి పడుకుంది. అతను చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, వసారాలో గడప ముందు కూర్చున్నాడు.

తెల్లారింది. ఎండ మెట్లెక్కి వచ్చింది. ఊడ్చేవాడు చీపురు దులుపుకుంటూ రాబోతే, చేత్తో వారించి అటు పంపేశాడు. కాసేపటికి సత్రం గుమస్తా వచ్చాడు, వెనకే బండెడు సంచులతో శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన యాత్రికులు. ఆ గది తర్వాత వాళ్ళదే.

"ఖాళీ చెయ్యాలి బాబూ, వేళయిపోయింది" అన్నాడు గుమస్తా.

శ్రీనివాస్ లేచి చేతులు కట్టుకున్నాడు. మామూలుగా అయితే మారు మాట లేకుండా సరేననేవాడు. "కుదరదండి" అన్నాడు మెల్లగా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే వింతగా ఉంది. "మా ఇంటావిడ పడుకుందండి. పెళ్ళయ్యాక పొద్దెక్కేదాకా పడుకోవడం ఇవాళే. నన్ను తిట్టండి, పడతాను. తనని మాత్రం లేపనండి."

గుమస్తా ఏదో అనబోయాడు. యాత్రికుల్లో ఉన్న ముసలమ్మ ముందే సంచి కింద పెట్టేసింది. "పడుకోనీ నాయనా. మాకేం తొందర. పొద్దెక్కేదాకా నిద్రంటే ఎలాగుంటుందో నాకూ తెలీదు" అని వసారాలో కాళ్ళు చాపుక్కూచుంది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ కూచున్నారు. గుమస్తా తల గీరుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎవరో మరమరాల పొట్లం విప్పి ముందు శ్రీనివాస్‌కి చాపారు. వాళ్ళలో ఒకాయన గొంతెత్తి కబుర్లు మొదలెట్టగానే ముసలమ్మ మోకాలి మీద ఒక్కటి వేసింది. ఆ తర్వాత అందరూ, తాము చూడనైనా చూడని మనిషి కోసం, గుసగుసగా మాట్లాడుకుంటూ కూర్చున్నారు.