ముందే అనుకున్న జవాబులు

మొన్న కొత్తపేట దాటుతుంటే బస్సు కిటికీలోంచి నానబెట్టిన కొబ్బరి పీచు వాసన గుప్పున కొట్టింది. మా అమలాపురం కాలేజీలో ఫిజిక్స్ లాబు వెనక కాలువ దగ్గర ఎప్పుడూ అదే వాసన. మాకు ఫిజిక్స్ చెప్పిన ఎస్తేరు మేడమ్ గారు గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో ఆవిడ నన్ను నిలువునా కుదిపేసిన పూట గుర్తొచ్చింది.

రాజోలు వైపు కూలి కుటుంబంలో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన మనిషి ఆవిడ. "నువ్వు చూసినా చూడకపోయినా గోదారి గోదారేనమ్మా. అణువైనా అంతే," అనేవారు. ఒకే పరమాణువు నుంచి జంటగా పుట్టిన కాంతి కణాలు చెరోవైపు ఎంత దూరం పోయినా, కొలిచినప్పుడు వాటి జవాబులు కలుస్తాయి. బయల్దేరేటప్పుడే ఆ జవాబులు వాటిలో రాసిపెట్టి ఉంటాయని ఆవిడ నమ్మకం. దాని మీదే ఏళ్ల తరబడి డాక్టరేటుకి థీసిస్ రాస్తున్నారు. మేమూ నమ్మేశాం.

ఒక వేసవిలో విశాఖలో ఏదో ఉపన్యాసం విని వచ్చారు. కాలేజీ తెరిచాక మొదటి క్లాసులోనే నన్నూ, నా స్నేహితురాలు సత్యవతినీ లేపి వరండా చెరో చివర నిలబెడతానన్నారు. మూడు ప్రశ్నలు. ప్రతిసారీ ఒక్కొక్కరిని వాటిలో తనకు తోచినది ఒక్కటే అడుగుతారట. జవాబు అవునో కాదో చెప్పాలి.

"ముందే మాట్లాడేసుకోండి. ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగితే జవాబులు కలవాలి. వేరే వేరే ప్రశ్నలడిగితే మాత్రం నాలుగుసార్లకి ఒకసారే కలవాలి. చెయ్యగలరా?"

"ఆయ్, అదెంత పనండీ," అన్నాను.

ఎన్ని ఎత్తులు వేసుకున్నా ఓడిపోయాం. చివరికి సత్యవతికి తట్టింది. "మూడు ప్రశ్నలకి రెండే జవాబులాయె. ఏవో రెండిటికి ఒకటే చెప్పాలి కదండీ! వేరే వేరే ప్రశ్నలడిగినా మూడుసార్లకి ఒకసారైనా కలిసిపోతాయండీ."

"ప్యారిస్‌లో ఇలాంటి పరీక్షే పెట్టేరమ్మా," అన్నారు మేడమ్ గారు, బల్ల అంచు పట్టుకుని. "ఒకదాని కబురు ఒకదానికి అందే వ్యవధి లేకుండా పెట్టేరు. ముందే రాసిపెట్టుకున్నవి ఏవీ నెగ్గలేవు. కాంతి కణాలు నెగ్గేయి. నేను మీకు చెప్పింది తప్పు."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "మరి ఎలా నెగ్గేయండీ?"

"నాకు అర్థం కాలేదమ్మా. కానీ నిజం."

అర్థం కాలేదని ఒక మేష్టారు ఒప్పుకోవడం మేం అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఆ వారంలోనే, నేను లాబులో ఉండగా, పెద్ద లెక్చరర్ గారు ఒకరు వచ్చి ఆవిడకి నచ్చజెప్పారు. "థీసిస్ పూర్తయిపోయింది కదమ్మా, ఇచ్చేయండి. డాక్టరేటు వచ్చేస్తుంది. ప్యారిస్ సంగతి ఇక్కడ ఎవరికి తెలుసండీ?"

"నాకు తెలిసిపోయింది కదండీ," అన్నారావిడ.

ఇవ్వలేదు. డాక్టరేటు లేకుండానే రిటైరయ్యారు. అన్నేళ్ల కష్టం అలా వదిలేస్తారా అని అప్పుడు బిత్తరపోయాను.

ఇప్పుడు నేనూ అదే పాఠం చెబుతున్నాను. ఆ మూడు ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి నేటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. పిల్లలు "ఎలాగండీ?" అంటే తెలియదనే చెబుతాను. తెలిసిపోయాక మాత్రం తెలియనట్టు ఉండలేను.