సూదులతో మెట్లు దిగిన బావ

తల మీద మూడు సూదులు, చెవులకు చెరో రెండు, మోచేతుల దగ్గర చెరొకటి. మా బావ ఆ అవతారంలోనే మంచం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, ఇనుప మెట్ల మీదుగా కిందనున్న మగ్గాల కార్ఖానాలోకి వెళ్లిపోయాడు. మూతికి మాస్కు మాత్రం ఉంది. కరోనా రెండో విడత తగ్గి, సూరత్‌లో మగ్గాలు మళ్లీ తిరగడం మొదలైన రోజులవి. మాస్కు లేకుండా బయట కనిపిస్తే జరిమానా వేసేవారు. సూదులతో కనిపిస్తే ఏం వేస్తారో ఎవరూ చెప్పలేదు.

"బావా! ఆగు బావా! సూదులున్నయి!" అంటూ నేను వెనక పరుగెత్తాను. నా వెనక, సూదులు గుచ్చిన డాక్టరమ్మ. "కాకా, హిల్‌నా నహీ బోలా థా!" అని ఆమె అరుస్తోంది. కదలొద్దని చెప్పానుగా అని ఆమె బాధ.

కిందికి వెళ్లాక మా ఇద్దరి గొంతులూ పనికిరాకుండా పోయాయి. పవర్‌లూమ్‌లు నడిచే చోట మాటలుండవు, సైగలే. బావ నేరుగా మూలనున్న మగ్గం దగ్గరికి వెళ్లి, దాన్ని నడుపుతున్న మనిషి భుజం తట్టి, ఆపమన్నట్టు చేయి అడ్డంగా ఊపాడు. ఆ మనిషి వెనక్కి తిరిగి సూదులు మొలిచిన తలను చూశాడు. మాట విన్నాడో, భయపడ్డాడో తెలియదు, మగ్గం ఆపేశాడు.

ఇదంతా ఎందుకు జరిగిందో చెప్పాలంటే బావ కళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

బావ మీసాలు రాని వయసులో ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో మగ్గాలు నడుపుతూ, నవాగామ్‌లో ఇల్లు చేసుకున్నవాడు. మా అక్క మొగుడు. నేను ఒక దినపత్రికలో చాలాకాలం పనిచేసి, మానేశాక వాళ్ల పక్క గదిలోనే అద్దెకు దిగాను. లాక్‌డౌన్ ముందు నుంచే ఆయన రెండు కళ్లకూ శుక్లాల పొర కమ్మింది. తెగిన పోగును కంటితో పట్టలేక వేళ్లతో తడిమి వెతికేవాడు. ఈలోగా బట్టలో గీత పడేది. చివరికి ఆయన పనిచేసే కార్ఖానా యజమాని, సేఠ్, ఆయన్ని మగ్గాల మీద నుంచి తీసి, నూలు కండెలు చుట్టే గదిలో కూర్చోబెట్టాడు. "కళ్లు చేయించుకుని రా, నీ మగ్గాలు నీకే" అన్నాడు. బావకు అది ఉద్యోగం పోయినదానికంటే ఎక్కువ అవమానమైంది.

కంటి ఆపరేషన్ పెద్ద పని కాదు. కానీ రక్తపోటు ఎక్కువుంటే చేయరు. ఇంటి దగ్గర, పొరుగువాళ్ల మిషన్ పెట్టి చూస్తే బావ బీపీ ఓ మోస్తరుగా ఉండేది. ఆస్పత్రిలో తెల్లకోటు కనిపించి, చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టడం మొదలుపెట్టగానే అది బావతో సహా బిగుసుకుని పైకి పోయేది. రెండుసార్లు ఆపరేషన్ బల్ల దాకా వెళ్లి తిరిగొచ్చాడు. బిళ్లలు పెంచారు. అక్క ఉప్పు తగ్గించింది.

"గిది పప్పా, పసుపు నీళ్లా?"

"నీళ్లే. పప్పు కావాల్నంటే బీపీ దించు."

"నేనెక్కిచ్చిన్నా దాన్ని? అదే ఎక్కింది."

"ఎక్కినోనికి దిగుడు రాదా?"

ఇలా ఉండగా, షేర్ ఆటోలో పక్కన కూర్చున్న ఒకావిడ అక్కకు సూదుల వైద్యం సంగతి చెప్పింది. లింబాయత్‌లోనే, ఇంకో మగ్గాల కార్ఖానా పైన, గుజరాతీ డాక్టరమ్మ. చెవిలో గుచ్చితే బీపీ దిగుతుందట. అక్క ఇంటికొచ్చి నన్ను పిలిచింది.

"తమ్మీ, నువ్వు పేపర్ల పనిచేసినోనివి గదా. జర పోయి చూసి రా. నిజమా, మోసమా?"

వెళ్లాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం, చేతికి తొడుగులు. అన్ని రోజుల్లో ఆమె ముఖం నేను పూర్తిగా చూడనేలేదు. సూదులతో బీపీ తగ్గుతుందా అని సూటిగా అడిగాను. "కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఎవరికి తగ్గుతుందో ముందుగా నాకు తెలియదు. బిళ్లలు మానేస్తానంటే మాత్రం ఆయన్ని ఇక్కడికి తీసుకురావద్దు" అంది. నా ఉద్యోగ జీవితంలో ఇంత తక్కువ హామీ ఇచ్చినవాళ్లు నాకు తగల్లేదు. అందుకే నమ్మాను.

మొదటి రోజు మంచం మీద పడుకుంటూ బావ నా చేయి పట్టుకున్నాడు. "బామ్మర్ది, నాకేమన్న అయితే, ఫోన్ల మొన్ననే రీచార్జ్ చేపిచ్చిన. నువ్వు వాడుకో." సూది వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. చెవికి రెండు గుచ్చి ఆమె పక్కకు జరిగాక కూడా, ఇంకా ఎప్పుడు గుచ్చుతుందా అని బావ పళ్లు బిగించుకునే ఉన్నాడు.

అసలు విశేషం ఆ గదిలో ఉంది. కింద మగ్గాలు తిరుగుతుంటే పైన మంచాలు అదిరేవి. సూదుల కొసలు సన్నగా వణికేవి. మిగతా రోగులు చెవుల్లో దూది పెట్టుకుని, ఈ చప్పుడుకే బీపీ వస్తుందని గొణుక్కునేవారు. బావ మాత్రం హాయిగా గురకపెట్టేవాడు. ఆయన తీరే వేరు. లాక్‌డౌన్‌లో ఊరంతా మగ్గాలు ఆగిపోయినప్పుడు, నిశ్శబ్దానికి నిద్రపట్టక, పగటిపూట కునుకు కోసం అక్కను మిక్సీ తిప్పమని బతిమాలినవాడు. అక్క ఖాళీ మిక్సీ తిప్పలేక కొన్నాళ్లు రోజూ ఏదో ఒక పచ్చడి చేసేది.

కొన్ని వారాలు గడిచాయి. బీపీ ఒకసారి తగ్గేది, ఒకసారి పెరిగేది. ఆ రోజు డాక్టరమ్మ కొత్తగా ఒక చిన్న డబ్బా తెచ్చింది. బ్యాటరీతో నడిచేది. దాని వైర్లను మోచేతుల దగ్గరి సూదులకు తగిలిస్తే, సన్నగా కరెంటు వెళ్తుందట. అదంతా ఆమె హిందీలో వివరంగా చెప్పింది. అప్పటికే బావ సగం నిద్రలో ఉన్నాడు. డబ్బాను ఆయన చెవి పక్కన, దిండు మీద పెట్టి, ఆమె ఇంకో రోగి దగ్గరికి వెళ్లింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

కాసేపటికి బావ కళ్లు తెరిచాడు.

"బామ్మర్ది, ఇంటున్నవా?"

"ఏంది బావా?"

"కింద ఏదో సాంచ తప్పు కొడుతున్నది. టిక్కు, టిక్కు అంటున్నది. నాడె పలిగి ఎగిరిందంటే ఎవని కన్నో పోతది."

మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. నాడె అంటే పడుగులో అటూఇటూ పరుగెత్తే కొయ్య ముక్క, రెండు కొసలకూ ఇనుప మొన ఉంటుంది. అది ఎగరడం నిజంగానే ప్రమాదం. నాకు మగ్గాల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. కానీ మగ్గం మాట వచ్చినప్పుడు బావకు ఎదురు చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఆయన లేచాడు. వైర్లు లాగకుండా డబ్బాను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత దాని సంగతి ఇద్దరమూ మరచిపోయాం.

ఇక కింద జరిగింది ఇదీ. మూల మగ్గం ఆగాక బావ తల వంచి విన్నాడు. కాదన్నట్టు తల ఊపాడు, సూదులు కూడా ఊగాయి. పక్క మగ్గం ఆపించాడు. అది కూడా కాదు. ఆ పక్కది. పెద్దమనిషి, పైగా మాస్కూ ప్లాస్టిక్ అద్దంతో డాక్టరమ్మ వెంట ఉంది, ఇదేదో ప్రభుత్వ తనిఖీ అనుకున్నారేమో, పనివాళ్లు తమ వంతు రాకముందే ఆపేయడం మొదలుపెట్టారు. చివరి మగ్గం కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. టిక్కు. టిక్కు. టిక్కు.

మూల మగ్గం మనిషి మా తెలంగాణవాడే. మెల్లగా దగ్గరికి వచ్చి, బావ ఛాతీ వైపు వేలు చూపించాడు. "పెద్దనాయినా... చప్పుడు నీ లోపట్నుంచి వస్తున్నదే!"

బావ ఎడమ రొమ్ము మీద చేయి వేసుకున్నాడు. చేతికింద టిక్కు, టిక్కు. "అయ్యో బామ్మర్ది, నా గుండె బయటికే ఇనవడుతున్నది! మీ అక్కను పిలువు!"

డాక్టరమ్మ వచ్చి, జేబులోంచి డబ్బా తీసి అందరికీ చూపించి, మీట నొక్కింది. టిక్కు ఆగిపోయింది.

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. మూల మగ్గం మనిషి నేల మీద కూర్చుండిపోయాడు. డాక్టరమ్మ నవ్వుకు ఆమె ప్లాస్టిక్ అద్దం మొత్తం ఆవిరి పట్టి, ఆమె దారి కనపడక మగ్గానికి గుద్దుకుంది. నేను గోడ పట్టుకున్నాను. బావ మొదట చుట్టూ చూశాడు, తర్వాత జేబు చూసుకున్నాడు, తర్వాత తల మీద సూదులు తడుముకున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. ఆయన ఆగేదాకా కార్ఖానాలో ఎవరూ ఆగలేకపోయారు.

బట్టల మూట మీద కూర్చోబెట్టి సూదులు తీశారు. ఎవరో టీ తెప్పించారు. నవ్వులు సద్దుమణిగాక డాక్టరమ్మ పైనుంచి మిషన్ తెప్పించి పట్టీ చుట్టింది. అంకె చూసి, నమ్మక, మళ్లీ గాలి కొట్టింది. కంటి డాక్టర్లు అడిగే హద్దుకు లోపలే ఉంది.

ఇంటికొచ్చాక వాదన మొదలైంది. సూదులతోనే దిగిందని బావ. నవ్వుతో దిగిందని అక్క. మగ్గాల వాసన తగిలి దిగి ఉంటుందని నేను. డాక్టరమ్మను అడిగితే, బిళ్లలు వేసుకుంటున్నారా లేదా అని తిరిగి మమ్మల్నే అడిగింది.

"ఏదైతేనేంది," అంది అక్క. "ఆస్పత్రిల పట్టీ కట్టేముందు ఈయనను నవ్వియ్యాలె. తమ్మీ, ఆ పని నీదే."

చిక్కు ఏమిటంటే, కరోనా నిబంధనల వల్ల రోగి వెంట లోపలికి ఎవర్నీ రానివ్వడం లేదు. బీపీ చూసే గదికి వీధి వైపు పెద్ద అద్దం కిటికీ ఉందని తెలుసుకున్నాను. ఆపరేషన్ రోజు పొద్దున, ఆ కిటికీ ఎదురుగా, రెండు చెవుల దగ్గర మాస్కు తాళ్లలో నాలుగు చీపురుపుల్లలు దోపుకుని నిలబడ్డాను. కాపలాదారు కర్ర పట్టుకుని వచ్చి, ఏం చేస్తున్నావని నిలదీశాడు.

"చాచా, క్యా కర్ రహే హో?"

"ఇలాజ్," అన్నాను.

వైద్యం అన్న మాట విని అతను నాకు ఎడం జరిగి నిలబడ్డాడు. ఆరోజుల్లో అందరూ అలా జరిగేవారు గనక నేను ఏమీ అనుకోలేదు. లోపల నర్సు పట్టీ చుడుతోంది. బావ తల తిప్పి కిటికీ వైపు చూశాడు. నేను తల అటూఇటూ ఊపాను. ఆయన భుజాలు కదిలాయి. నర్సు కూడా ఇటు చూసింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తర్వాత ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. తిరిగి పంపలేదు.

సాయంత్రం ఎడమ కంటికి కట్టుతో బయటికి వస్తూనే బావ అక్కకు చెప్పాడు: "ఏమే, కిటికీ అవుతల ఎవడో పిచ్చోడు నిలబడ్డడే! చెవులల్ల పుల్లలు పెట్టుకొని తల ఊపుతున్నడు. వాణ్ణి చూసి నవ్వలేక సచ్చిన. పాపం, వానికెవ్వలు లేరో ఏమో."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆకాశం చూశాను. శుక్లాల వెనక నుంచి ఆయన నన్ను గుర్తుపట్టలేదన్నమాట.

కట్టు విప్పిన రోజు కొత్త కంటితో బావ నన్ను తేరిపార చూశాడు. "బామ్మర్ది, గింత ముసలోనివెప్పుడైనవ్?" అన్నాడు. అదే వారం మమ్మల్ని డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లాడు. టమాటా భజియాల బండి దగ్గర, ఉప్పు ముట్టకుండా అక్క కాపలా కాస్తుండగా, బావ సముద్రం వైపు చూసి కంగారుపడ్డాడు. "ఇదేంది, సముద్రం మట్టిరంగుంది? ఆపరేషన్ ఖరాబైందా?" డుమస్‌లో సముద్రం ఎప్పుడూ ఆ రంగేనని ఒప్పించడానికి భజియాలమ్మే అతన్ని కూడా సాక్ష్యానికి పిలవాల్సి వచ్చింది. అతను బేరం పోతుందేమోనని ముందు ఒప్పుకోలేదు.

సేఠ్ మాట నిలబెట్టుకున్నాడు, సగం వరకు. ఒక కన్ను వచ్చింది గనక సగం మగ్గాలు ఇచ్చాడు. రెండో కన్ను అయ్యాక మిగతా సగం అన్నాడు. బావకు కావలసింది ఆ మిగతా సగమే. అవి ఇప్పుడు వేరేవాడి చేతిలో ఉన్నాయి, వాడు నూనె సరిగ్గా వేయడని ఆయన బెంగ.

కుడి కంటికి తేదీ ఇచ్చారు. నేను మళ్లీ పుల్లలు దోపుకుని కిటికీ ముందు నిలబడ్డాను. కాపలాదారు నమస్తే కూడా పెట్టాడు. ఈసారి బావ ఇటు తిరగగానే నన్ను స్పష్టంగా చూశాడు. ఆ పిచ్చోడెవరో అప్పుడే తెలిసినట్టుంది. నవ్వలేదు. ఎవరైనా చూస్తారు, పొమ్మన్నట్టు గాభరాగా చేయి విసిరాడు. నర్సు పట్టీ విప్పి తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది.

బయటికొచ్చి, "పరువు తీస్తివి గదా బామ్మర్ది," అన్నాడు.

"పోయినసారి పాపమంటివి?"

"పోయినసారి నువ్వని తెల్వదు."

బావ ఇప్పటికీ వారానికోసారి ఆ గదికి వెళ్లి, మగ్గాల హోరుకు హాయిగా పడుకుని, సూదులు గుచ్చించుకుంటున్నాడు. డబ్బాను మాత్రం కాళ్ల వైపు పెట్టించుకుంటాడు. బిళ్లలు మానలేదు. ఉప్పు విషయంలో అక్క మెత్తబడలేదు. ఇంట్లో బీపీ బాగానే ఉంటుంది. మొదటిసారి దాన్ని దించిందేమిటో మా ముగ్గురిలో ఒక్కరం కూడా మాట మార్చుకోలేదు. మొదటి రెండుసార్లూ, పుల్లలు చూసి నవ్వని ఈసారీ కలిపి, ఆస్పత్రిలో వెనక్కి పంపడం మూడుసార్లయింది. ఇది రాస్తున్న నాటికి కుడి కంటి మీద పొర అలాగే ఉంది.