పూచీ లేని చోటు

మార్కాపురం పలకల గనిలో నా ఉద్యోగం గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు. రాతికి మందు పెట్టి పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని బండ్ల బాట మీద నిలబడటం, మూడుసార్లు విజిల్ ఊదటం. మొదటి విజిల్‌కు అందరూ పని ఆపాలి, రెండోదానికి గట్టెక్కాలి, మూడోదానికి మేస్త్రీ ఒత్తి అంటిస్తాడు. నలభై ఏళ్లవాణ్ని మెడలో విజిల్ వేసుకుని తిరుగుతుంటే మా ఆవిడ నవ్వేది.

గని అడుగున రాతి ముక్కలు గంపకెత్తే ఆడవాళ్లలో ఒకామెకు పుట్టు చెవుడు. కొనకనమిట్ల వైపు నుంచి పనికొచ్చిన కూలిమనిషి. ఆదివారం ప్రార్థనకు తప్ప నాగా పెట్టేది కాదు. రాళ్ల గుట్ట చాటున కూర్చునేది కాబట్టి ఒత్తి అంటించే మేస్త్రీకి కనపడేది కాదు. ఆమెకు విజిల్ ఊదితే ఎంత, ఊదకపోతే ఎంత? అందుకని మొదటి విజిల్ కాగానే నేను జెండాను రాళ్లలో గుచ్చి, కిందికి దిగి, ఆమె గంప మీద తట్టేవాణ్ని. ఆమె తలెత్తి చూసి, కొంగు దులుపుకుని లేచేది. రెండేళ్లు అలాగే గడిచాయి. అది నా పనేనని అందరికీ అలవాటైపోయింది.

అంతలో మద్రాసు నుంచి సర్కారువారి నిబంధనల అచ్చుకాగితం వచ్చింది. మేస్త్రీ మమ్మల్ని కూర్చోబెట్టి చదివాడు. మూడు విజిళ్లు ఊదాలి. జెండా ఎత్తి పట్టుకోవాలి. జెండా మనిషి మొదటి విజిల్ నుంచి పేలుడు అయ్యేదాకా తన చోటు వదలకూడదు. ఈ మూడూ జరిగితే, ఆపైన ఏ ప్రమాదం వచ్చినా పనివాడి మీద గానీ యజమాని మీద గానీ పూచీ లేదు. చోటు వదిలాడా, కేసు.

"ఇన్నావా మామా? ఇంక నీకేం బయం లేదు. నీ చోట నువ్వు నిలబడితే చాలు, సర్కారే నిన్ను కాపాడతాది" అన్నాడు మేస్త్రీ. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషమే అయింది. అయినా ఆ తర్వాత కూడా దిగి ఆమెను తట్టి వస్తూనే ఉన్నాను. చూసేవాడెవడు?

చూసేవాడు రానే వచ్చాడు. కర్నూలు నుంచి వచ్చిన తనిఖీ అధికారి గొడుగు పట్టించుకుని సరిగ్గా నా పక్కనే నిలబడ్డాడు.

మొదటి విజిల్ ఊదాను. కాళ్లు వాటంతటవే కదలబోతే ఆపుకున్నాను. ఈపూటకు ఎవరో ఒకరు తట్టి తీసుకొస్తారులే అనుకున్నాను. వాళ్లేమో నేనే తెస్తాననుకున్నారట. రెండో విజిల్ ఊదాను. ఒక్కొక్కరే గట్టెక్కుతుంటే ముఖాలు చూశాను. ఆమె లేదు. "దొరా, కింద చెవిటి మనిషి ఉంది" అంటే సరిపోయేది. అంటే, ఇన్నాళ్లూ ఆమెను పైకి తెచ్చిందెవరని అడుగుతాడు. కాగితం వచ్చాక కూడా చోటు వదులుతున్నానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఆయన గడియారం తీసి చూశాడు. నేను మూడో విజిల్ ఊదాను. ఎవరూ నాచేత బలవంతాన ఊదించలేదు.

సాయంత్రం ఆమెను గోనెపట్టా మీద పైకి తెచ్చారు.

విచారణలో నన్ను మూడే ప్రశ్నలు అడిగారు. విజిల్ ఊదావా? ఊదాను. జెండా ఎత్తావా? ఎత్తాను. చోటు వదిలావా? వదల్లేదు. ఎవరి మీదా తప్పు లేదని రాసి ముద్ర కొట్టారు. ఆమెకు వినపడదన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నిబంధన రాసినవాణ్ని ఇప్పటికీ తిట్టుకుంటాను. తర్వాత నన్ను నేను తిట్టుకుంటాను. రెండోదే ఎక్కువసేపు.

నాలుగు రోజులకు ఆమె తల్లి ఊరి నుంచి నడిచి మా ఇంటికి వచ్చింది. శాపనార్థాలు పెడుతుందేమోనని వాకిట్లోకి రావడానికే జంకాను. ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా బిడ్డ సైగ చేసి చూపిస్తుండె నాయనా, జెండా మామ వచ్చి గంప తట్టి లేపతాడని. నువ్వుండంగా దానికేం కాదని నేను నిమ్మళంగా ఉంటి. ఆ పొద్దు నీకు ఒంట్లో బాగలేదా? పనిలోకి రాలేదా?"

"రాలేదక్కా" అన్నాను.