పాలచెట్టుకు వదిలిన బెరడు

మదీనాగూడ దగ్గర మొక్కల తోటలో నేను పనికి చేరేనాటికి మాదాపూర్ బండల మీద అద్దాల మేడలు లేస్తున్నాయి. అంతకుముందు వాటికే ఎండలో తట్టలు మోశాను. తోటలో నీడన కూర్చుని చేసే పని. అది పోతుందేమోనని రోజూ భయమే.

యజమాని గోదావరి వైపు మనిషి. ఒక మేడవాళ్ల హాల్లోకి రబ్బరు మొక్కలు ఇస్తానని ఒప్పుకుని, పెద్ద చెట్టు కొమ్మలకు అంటు కట్టడం మాకు నేర్పాడు. వేలెడు మేర బెరడు చుట్టూ ఒలవాలి. కారే పాలు తుడిచి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టాలి. వేర్లు వచ్చాక కొమ్మ కోసి నాటుకోవచ్చు. అప్పటికి నాకు అక్షరాలు రావు. నా కొమ్మలకు గుర్తుగా ఎర్రదారం కట్టుకున్నాను.

కత్తి పెట్టగానే చిక్కటి పాలు కారాయి. పాలు గారే చెట్టును గాయం చేస్తే పిల్లలకు తగులుతుందని మా అత్త అనేది. నా చిన్నది ఇంకా పాలు మానలేదు. అందుకే ప్రతి కొమ్మకూ గోరంత పట్టీ బెరడు వదిలేశాను. గాయానికి పసుపు అద్దాను.

పక్కన పనిచేసే ఆమె చూసి నవ్వింది. "ఏంది వదినా, చెట్టుకు పురుడు చేస్తున్నవా? ఇగ బాలింతకు పెట్టే కాయం గూడ పెట్టు!"

నలభై రోజులకు ఆమె కొమ్మలన్నీ వేర్లు వేశాయి. ఎర్రదారాలవి ఒక్కటీ వేయలేదు. యజమాని నా కట్లు విప్పి చూశాడు.

"ఏమ్మా, చుట్టూ ఒలిచావా?"

నాచు బాగాలేదని అనొచ్చు. నోరు రాలేదు. "లేదు సార్. పాపమనిపించి జర ఇడిసిన."

ఆయన ఆ కొమ్మను నిమిరాడు. "ఆకులు వండిన తిండంతా ఆ పట్టీలోంచి కిందికి దిగిపోయిందమ్మా. దారి మూస్తేనే అక్కడ వేరు వేస్తుంది. ఎడతెగని వానల అడవుల్లో దీని వేర్లను అల్లి వాగుల మీద వంతెనలు చేసుకుంటారు. అంత మొండి చెట్టు ఇది. మళ్లీ కట్టు. ఈసారీ రాకపోతే ఇంకొకళ్లను చూసుకుంటాను."

మర్నాడు కళ్లు మూసుకోకుండా చుట్టూ ఒలిచాను. ఆ వారాల్లోనే చిన్నది తనంతట తానే పాలు మానేసింది. జ్వరం రాలేదు, ఏమీ కాలేదు. అయినా పొద్దున్నే దాని నుదురు తాకి చూసి గానీ తోటకు వెళ్లేదాన్ని కాదు.

తొలి వానలప్పుడు, ఎర్రదారం కింద కాగితంలో నూలుపోగులాంటి తెల్లటి వేరు కనబడింది. చిన్నదాన్ని ఎత్తుకొచ్చి చూపించాను. అది వేలితో కాగితాన్ని గోకింది. యజమాని దూరం నుంచే చూసి, అవతలి చెట్టు వైపు చెయ్యి చూపాడు. కత్తి తీసుకుని అటు నడిచాను.