సత్తిబాబు గారి ఇండియా టైము

రికార్డరు మూత తీయగానే వేడెక్కిన ప్లాస్టిక్కూ దుమ్మూ కలిసిన వాసన గుప్పుమంది. మా జిల్లాలోనే ఒక పోలీస్ స్టేషన్లో కెమెరాలు బిగిస్తున్నాను. "ఆ లాకప్ వైపుది గేటు వైపు తిప్పెయ్యవయ్యా, అక్కడ చూసేదేముంది?" అన్నారు ఎస్సై గారు టీ తాగుతూ. నిచ్చెన మీద నా చెయ్యి ఆగిపోయింది. సత్తిబాబు గారు వచ్చి పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

కువైట్‌లో కెమెరాలు బిగించే కంపెనీలో ఆయన మా ఫోర్‌మన్. ముమ్మిడివరం దగ్గరి మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. నేను వైరు వంకరగా లాగితే "ఏటండీ ఇది, పాము పాకినట్టు!" అని వీధంతా తిరిగి చూసేలా అరిచేవారు. మధ్యాహ్నం మళ్లీ తన డబ్బాలోని చేపల పులుసు సగం నాకే వడ్డించేవారు. ఏళ్ల తరబడి అక్కడున్నా చేతి వాచీని మాత్రం కువైట్ టైముకి మార్చలేదు. మా అందరికంటే రెండున్నర గంటలు ముందుండేవారన్నమాట. అదేమిటంటే, "ఇప్పుడు మా ఆవిడ పిల్లలకి అన్నాలు వడ్డిస్తా ఉంటాది. అది తెలియాలి కదండీ నాకు" అనేవారు. మేం ఎంత ఏడిపించినా సిగ్గుపడేవారు కాదు.

దుకాణదారులకు కెమెరాలన్నీ గల్లాపెట్టె మీదే కావాలి. ఈయన మాత్రం ఒకటి తప్పకుండా వీధి వైపు పెట్టేవారు. "చెడ్డపని లోపలే జరుగుతాదని ఎవరు చెప్పేరండీ మీకు?" అని వాదన. ఎగైలా అనే పేటలో ఒక చిన్న కిరాణా కొట్టుకి అలాగే పెట్టాం.

ఆ కొట్టు ముందే ఓబులేసుని కొట్టారు. కడప వైపు మనిషి, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. రొట్టెలు కొనడానికొచ్చాడు. గస్తీ పోలీసు ఒకడు అక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా కార్డు అడిగితే, కారులో ఉందని అటు తిరిగాడు. అంతే, ఆ పోలీసు అతన్ని కింద పడేసి బూటుతో తన్నాడు. పైగా వీడే తనమీద చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టాడు. అది నిలబడితే ఓబులేసుకి జైలు, ఆ తర్వాత దేశంలోంచి పంపెయ్యడం. "నేనేం జేయలేదు సార్, చేతులు రెండూ పైకే ఎత్తినా" అని మొత్తుకుంటున్నాడట. వినేవాడెవడు?

వీధి కెమెరాలో అంతా పడింది. కొట్టాయన బెదిరిపోయి చెరిపెయ్యమన్నాడు. సత్తిబాబు గారు వినలేదు. సీడీలోకి ఎక్కించి, ఓబులేసు యజమాని అయిన కఫీల్‌ని వెంటబెట్టుకుని, నన్నూ లాక్కుని దర్యాప్తు అధికారి దగ్గరికి వెళ్లారు. అధికారి మొత్తం చూశాడు. ఎత్తిన చేతులూ, తన్నే బూటూ స్పష్టంగా కనిపించాయి. తర్వాత తెర మూలనున్న అంకెల మీద వేలు పెట్టాడు. గొడవ జరిగింది సాయంత్రం ఏడింటికి, తెర మీద తొమ్మిదిన్నర. "ఇది ఆ గొడవ కాదు" అని సీడీ వెనక్కి తోసేశాడు.

ఆ రికార్డరులో టైము పెట్టింది సత్తిబాబు గారే, తన వాచీ చూసి! ఆ మాట బయటపడితే కంపెనీ ఊరుకోదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఒకసారి నా వైపు చూశారు. వాచీ విప్పి బల్ల మీద పెట్టారు. "ఇది మా ఊరి టైము సార్. మిషన్లో పెట్టింది నేనే. తప్పు నాది, అతనిది కాదు" అని వచ్చీరాని అరబ్బీలో చెప్పారు. అధికారి ఆ వాచీ పక్కన తన వాచీ పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా రెండున్నర గంటల తేడా. సీడీని మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

ఓబులేసు బయటికొచ్చాడు. ఆ పోలీసుని ఏం చేశారో మాకెవరూ చెప్పలేదు. కంపెనీ మాత్రం సత్తిబాబు గారితో ఖలాస్, ఇక ఇంటికెళ్లమనేసింది. ఎయిర్‌పోర్టులో నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి చాపి వాచీ చూపించారు. "ఎందుకండీ ఆ ఏడుపు? రేపట్నించీ ఇది కరెక్టు టైమే కదా!" అని పెద్దగా నవ్వారు.

"సార్, ముందు టైము సరిచూద్దాం. మీ వాచీలో ఎంతైంది?" అని అడిగాను ఎస్సై గారిని. ఆయన చెప్పారు. దిగి రికార్డరులో అదే పెట్టాను. మళ్లీ నిచ్చెనెక్కి కెమెరాని లాకప్ వైపే ఉంచాను.

"గేటు వైపు అన్నానుగా?"

"ఇటే ఉండాలండీ" అన్నాను. స్క్రూ గట్టిగా బిగించాను.